పళ్ళు కనబడే ఫొటో

పళ్ళ ల్యాబ్,
పై అంతస్తు, గోడవారన నా బల్ల

మరదలు పిల్లకి,

మేమంతా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. మీ డాక్టరు పంపిన నీ నోటి అచ్చు నా బల్ల మీదే ఉంది, పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నాను. పై వరసలో ముందు నాలుగు పళ్ళ చోటు ఖాళీ. రెండు అక్కడికక్కడే ఊడాయనీ, విరిగిన రెండూ తను తీసేశాననీ డాక్టరు రాశాడు. చిగుళ్ళు గట్టిపడ్డాక గానీ శాశ్వతమైన పళ్ళు అతికించరు. ఈలోగా నేను నమూనా చేసి పెట్టాలి.

మీ ఊళ్ళోనే ఎవరో ల్యాబువాళ్ళకి ఇవ్వబోయాడట ఆయన. నేను ఫోన్ చేసి గొడవపడి తెప్పించుకున్నాను. ఇంట్లో పళ్ళు చేసే మనిషిని నేనుండగా మా ఇంటి ఆడపిల్ల నోట్లో పరాయివాళ్ళ చెయ్యేమిటి?

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతి. ఆ నాలుగు పళ్ళూ ఎలా ఉండేవి?

నేను ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది. మా వీధి చివర కూరలమ్మే ఆవిడ కోరపన్ను, ఎదురింటి తాతగారి కట్టుడు వరస, బస్సు కండక్టరు పగిలిన దంతం, అన్నీ కళ్ళు మూసుకుని గీయగలను. మనిషి కనబడితే నేను ముందు చూసేది నోరే. నీ ముందు పళ్ళు మాత్రం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదంటే నమ్ము. నీకు నవ్వొస్తే ముందు చెయ్యి లేస్తుంది. పళ్ళ మనిషినని నా ముందయితే రెండు చేతులూ లేస్తాయి.

మీ అన్నయ్యని అడిగాను.

"దాని పళ్ళా? ఉండేవి కదా," అన్నారు.

"ఎలా ఉండేవండీ?"

"తెల్లగా."

"పొడుగా, పొట్టా, వంకరా?"

"నాకేం తెలుసు? అదేమన్నా గుర్రమా, కొనేముందు నోరు తెరిచి చూడ్డానికి!"

తోడబుట్టినవాడి సాక్ష్యం ఇదీ. ఇంట్లో ఉన్న ఆల్బములన్నీ తిరగేశాను. ఒకదాంట్లో నోటికి చెయ్యి, ఒకదాంట్లో రుమాలు, ఒకదాంట్లో కాఫీ గ్లాసు. మా చిన్నాడు పుట్టినప్పటి ఫొటోలో వాడి తల అడ్డం పెట్టుకున్నావు.

కాబట్టి ఒక్క ఫొటో పంపు. ఎదురుగా చూస్తూ ఉండాలి, పెదవులు విడి ఉండాలి, పళ్ళు కనబడాలి. చోటు ఎంతో అచ్చు చెబుతుంది. అందులో ఏముండేదో చెప్పదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. మొన్న నువ్వు మాట్లాడినంతసేపూ సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టే వినబడింది.

ఇట్లు,
వదిన


బడి,
ఉపాధ్యాయుల గది

వదినకి,

ఫోన్ చెయ్యనులే. మెసేజీలు కూడా వద్దు. నేనొక ముక్క రాసేలోగా నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఉత్తరమైతే మధ్యలో అడ్డం రాలేవు.

ఎలా తగిలిందని ఊరంతా అడుగుతోంది, నువ్వు అడగలేదు గనుక నీకే చెబుతాను. ఆటస్థలంలో ఒక పిల్లకి బూటు తాడు కడుతున్నాను. తల ఎత్తేసరికి ఖాళీ ఉయ్యాల చెక్క ఎదురుగా వస్తోంది. దాన్ని తోసిన పిల్ల వెనక్కి తిరిగి ఉంది. ఇంకెవరైనా అయితే అరిచేవారు. మా పిల్లలకి వినబడదు కదా, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నేను నోరు తెరిచి చెయ్యి ఊపాను. చెక్క వచ్చి తెరిచిన నోటికే తగిలింది.

ఇప్పుడు తరగతి సంగతి. నా దగ్గర ఎనిమిది మంది పిల్లలు. పుట్టు చెవుడు. మూడేళ్ళుగా వాళ్ళకి నేను నేర్పుతున్నది పెదవులు చూసి మాట పట్టుకోవడం. పలక, సుద్ద అన్నీ తర్వాత. మొదటి పాఠ్యపుస్తకం నా నోరే. అది చిరిగిపోయింది. పళ్ళు లేకపోతే పై పెదవి లోపలికి పోతుంది, ఏ అక్షరమైనా ఒకేలా కనబడుతుంది.

నా బదులు ఒక మాస్టారిని వేశారు. మంచాయనే. కానీ మీసం ఉంది, పై పెదవిని పూర్తిగా కప్పేసే మీసం. పిల్లలు ఆయన ముఖంకేసి చూస్తారు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటారు, బొమ్మలు గీసుకుంటారు. మీసం కొంచెం కత్తిరించమని హెడ్మాస్టారు సున్నితంగా అడిగితే ఆయన సెలవు పెట్టాడు. కొత్త విడత పాఠాలు మొదలయ్యేనాటికి నేను తరగతిలోకి రాలేకపోతే ఈ ఎనిమిది మందినీ తలా ఒక తరగతిలోకి సర్దేస్తామని హెడ్మాస్టారు చెప్పారు. మూడేళ్ళ పని. ఇంకొకళ్ళ నోరు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి వాళ్ళు.

ఫొటో ఒకటుంది. ఒక్కటే. ఇక్కడికి రాకముందు వినికిడి మిషన్ల కంపెనీలో చేశాను కదా, అక్కడ ఒకరోజు అందరినీ వరసగా నిలబెట్టి తీయించారు. పళ్ళు కనబడేలా నవ్వాలని కంపెనీ నియమం. ఆ ఫొటోనే ఉద్యోగస్తులందరూ పేర్లు పెట్టుకునే సైటులో నా పేరు పక్కన పెట్టారు. కంపెనీ ఇచ్చిన కాపీ పాత ఫోనుతో పాటే పోయింది. సైటులో ఉంది. తీసి పంపుతాను.

నా ఫొటోయే కదా, ఎంతసేపు పని!

నీ మరదలు


పళ్ళ ల్యాబ్

మరదలా,

అందింది. ఏం అందిందో చెబుతాను.

కోటు బొత్తాము అంత ముఖం. దాని చుట్టూ ఉద్యోగం కోసం చూస్తున్నానని చెప్పే ఆకుపచ్చ పట్టీ, గడ్డం మీదుగా. పైన టైము, పక్కన నాలుగు శాతం బ్యాటరీ. నువ్వు పంపింది ఫొటో కాదు తల్లీ, ఫొటో ఉన్న తెరకి తీసిన ఫొటో. పెద్దది చేసి చూశాను. నీ నాలుగు పళ్ళూ కలిసి సున్నం కొట్టిన పిట్టగోడలా ఉన్నాయి. ఏ పన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి నాకు. గోడ కట్టడానికి మేస్త్రీ ఉన్నాడు, నేనెందుకు?

మీ అన్నయ్య "ఇంత చిన్న పనికి అంత గొడవా, నేను చూస్తానుండు" అని కూర్చున్నారు. ఆ సైటులో ఏకంగా ఖాతా తెరిచారు. వృత్తి ఏమిటని అడిగితే "అన్నయ్య" అని రాశారు. తీరా చూస్తే, నీ ఫొటో పెద్దగా కనబడాలంటే ముందు నువ్వు ఆయన్ని నీ పరిచయస్తుల్లో చేర్చుకోవాలట. అలా కట్టుదిట్టం చేసి పెట్టావట నువ్వే. పరిచయం చేసుకుంటానని అర్జీ పంపారు. చెల్లెలి పరిచయం కోసం అన్న అర్జీ!

లోపలికి వెళ్ళి ఆయన్ని ఒప్పుకో. లేదా నువ్వే పెద్ద ఫొటో దింపుకుని పంపు. మైనం మెత్తబెట్టి పెట్టుకున్నాను.

వదిన


ఇల్లు, వంటగది బల్ల

వదినా,

లోపలికి వెళ్ళమన్నావు. విను.

రహస్యపదం మర్చిపోయాను. మర్చిపోయారా, పరవాలేదు, మీ మెయిలుకి అంకెలు పంపాం, అవి కొట్టండి అంది సైటు. ఏ మెయిలు? ఆ కంపెనీ ఇచ్చినది. ఖాతా తెరిచింది వాళ్ళు, వాళ్ళ మెయిలు మీదే తెరిచారు. నేను మానేసిన మర్నాడే దాన్ని మూసేశారు. అంటే నా తాళంచెవిని ఇప్పుడు లేని ఇంటి పోస్టు డబ్బాలో వేసి, తీసుకోండమ్మా అంటోంది సైటు.

సహాయం కావాలంటే ఇక్కడ నొక్కండి అని ఉంటే నొక్కాను. మీ సమస్య ఏమిటి అంది. రాశాను. మీ సమస్య తీరిందా అంది. లేదు అన్నాను. సంతోషం, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అంది.

నాలుగో రోజుకి ఇంకో దారి చూపించింది. మీరు మీరేనని రుజువు చేస్తే తలుపు తీస్తాం. ఎలా రుజువు చెయ్యాలి? కెమెరాకేసి చూసి ఇప్పుడొక ఫొటో దిగాలి. దాన్ని వాళ్ళ దగ్గరున్న ఫొటోతో పోల్చి చూస్తారట. దిగాను. సరిపోలలేదంది. వెలుగులో దిగండి అంది. కిటికీ దగ్గరికి వెళ్ళి దిగాను. సరిపోలలేదంది. ఫొటోలోలాగే చిరునవ్వుతో దిగండి అంది. వదినా, అప్పుడు నేను ఫోను నేలకేసి కొట్టాల్సింది. కొట్టలేదు. నవ్వాను. ఖాళీ నోటితో ఆ యంత్రానికి నవ్వి చూపించాను. "ఈ ఖాతా వేరొకరిది. మరోసారి ప్రయత్నిస్తే శాశ్వతంగా మూసివేస్తాం," అంది.

పళ్ళు వస్తే గానీ ఫొటో ఇవ్వరు. ఫొటో ఇస్తే గానీ నువ్వు పళ్ళు చెయ్యవు. ఇద్దరూ కలిసి ఒక ఆఫీసు పెట్టుకోండి.

అన్నయ్య అర్జీ వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఆ తలుపుకి బయట వాడూ నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను.

మీ పెద్దాడికి జలుబు తగ్గిందా?

మరదలు


పళ్ళ ల్యాబ్

మరదలా,

జలుబు వాడికి తగ్గింది, నాకు పట్టింది. నీ సంగతికి వద్దాం.

నీ ఫొటో పెద్దగా చూడగలవాళ్ళు ఇప్పటికే ఉంటారు కదా. నువ్వెప్పుడో పరిచయస్తుల్లో చేర్చుకున్నవాళ్ళు. ఆ జాబితాలో ఒక్కరు చాలు, వాళ్ళ ఫోనులోంచి తీసి ఇస్తారు. ఎవరున్నారు?

"దానికి ఆ కంపెనీవాళ్ళు తప్ప అందులో ఎవరూ లేరు, వాళ్ళ ముఖం చూడనని వచ్చేసింది," అంటున్నారు మీ అన్నయ్య. మిషన్ పెట్టుకుని తమ కోర్సు చేస్తే పిల్లలందరూ ఆరు నెలల్లో గడగడా మాట్లాడతారని ఆ మేనేజరు తల్లిదండ్రుల సభలో చెబుతుంటే నువ్వు లేచి "మాట్లాడరండీ" అన్నావట కదా. బాగుంది. అనాల్సిందే. ఇప్పుడు వెళ్ళి ఆయన్నే అడగాలి. రోషం నాలుగు రోజులు అలమారులో పెట్టు. డాక్టరు చిగుళ్ళు మానాయని రాశాడు. నా దగ్గర ఆలస్యం లేదు.

వదిన


బడి, ఆటస్థలం పక్క బెంచీ

వదినా,

వెళ్ళాను. ముఖానికి మాస్కు కట్టుకుని వెళ్ళాను. అదే గాజు తలుపు, అదే సోఫా, గోడ మీద చెవి బొమ్మ. బల్ల దగ్గరమ్మాయి కొత్తది. పేరు అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మూడోసారి కాగితం మీద రాసిచ్చాను. "అయ్యో, వినికిడి సమస్యా? కూర్చోండి, పరీక్ష ఉచితం," అంది.

మేనేజరు బయటికి వచ్చి నన్ను దాటుకుని వెళ్ళిపోయి, తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"మీరా! మా దగ్గరే పనిచేస్తున్నట్టు ఉంది మీరింకా, సైటులో."

"మార్చడానికి లోపలికి వెళ్ళనివ్వట్లేదండీ."

"ఏంటీ?"

మాస్కు తీసి చెప్పాను. నా నోరు చూసి ఆయన గొంతు తగ్గింది. ఫోను తీశాడు. నా పేరు కొట్టాడు. ఫొటో మీద వేలు పెట్టి నొక్కి ఉంచాడు. నాకు పంపాడు. ఈ పనంతా లిఫ్టు పైనుంచి కిందికి వచ్చేలోపు అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. ఎలాగూ వచ్చారు గనుక మా కోర్సు గురించి ఆ సైటులో రెండు మంచి ముక్కలు రాయండి."

"లోపలికి వెళ్ళగలిగితే రాసేదాన్నేనండీ," అన్నాను. నా మాట ఎవరికీ అర్థం కాకపోవడంలో సుఖం కూడా ఉంది వదినా. పళ్ళుంటే ఆ గొంతులో వెటకారం ఆయనకి తెలిసిపోయేది.

ఫొటో పెద్దది. నీకు పంపాను, కాగితం మీద వేయించి ఈ ప్యాకెట్టులో కూడా పెట్టాను. పళ్ళు నాలుగూ విడివిడిగా కనబడుతున్నాయి. అచ్చంగా అలాగే చెయ్యి. ఒక్క వెంట్రుకవాసి మార్చకు.

కొత్త విడత దగ్గరపడుతోంది.

మరదలు


పళ్ళ ల్యాబ్

మరదలా,

ఫొటో చాలా స్పష్టంగా ఉంది. పని మొదలుపెట్టాను. మైనంలో రెండు పళ్ళు దిద్దాక ఆపేశాను. ఎందుకో రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

మీ అన్నయ్య ఆ ఖాతాని వదలడం లేదు. రోజూ పొద్దున టిఫినుకి ముందు అదే చూస్తున్నారు. నీకు అర్జీ పెట్టినందుకు సైటు ఆ కంపెనీవాళ్ళనందరినీ "వీళ్ళు మీకు తెలుసేమో" అని ఆయన ముందు పోస్తోంది. మొన్న నన్ను పిలిచి చూపించారు. ఆయన ముఖాలు చూశారు. నేను నోళ్ళు చూశాను.

మేనేజరు, లెక్కలు చూసే ఆయన, పాత రిసెప్షన్ అమ్మాయి, ఊళ్ళు తిరిగి మిషన్లు అమ్మే ఇద్దరు, నువ్వు. ఆరుగురు. ఆరుగురి నోట్లోనూ ఒకే పళ్ళు. దగ్గరి పోలిక అనడం లేదు, అవే. ఎడమ వైపు రెండో పన్ను అంచు మీద చిన్న మెరుపు ఉంది కదా నీకు, అది లెక్కలు చూసే ఆయనకీ అక్కడే ఉంది.

మీ అన్నయ్యకి చెబితే, "ఒకే కంపెనీలో ఒకే కాఫీ తాగితే అలా అవుతాయేమో," అన్నారు.

ఆ ఫొటోగ్రాఫరు ఎవరి పళ్ళో ఒక వరస తెచ్చి అందరికీ అంటించాడు. అంటే నా బల్ల మీద ఉన్నది నీ నవ్వు కాదు. సైటు, లిఫ్టు, మేనేజరు, ఇంత దూరం తిరిగి నువ్వు సాధించుకొచ్చింది ఎవరి పళ్ళో నాకు తెలియదు. నీకు తెలుసా?

అసలువి ఎలా ఉండేవో నువ్వే గీసి పంపు. అద్దంలో చూసుకుని ఉంటావు కదా.

వదిన


ఇల్లు

వదినకి,

తెలుసు.

ఆ రోజు ఫొటోగ్రాఫరు బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, తీసిన వాళ్ళ ఫొటో తీసినట్టే సరిచేస్తున్నాడు. నా వంతు వచ్చింది. నేను నవ్వింది చూసి ఒక మీట నొక్కాడు. తెర మీద ఒకావిడ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం లేకుండా, హాయిగా, ఎవరికీ భయపడకుండా. ముందు ఎవరో అనుకున్నాను. తర్వాత చీర చూసి గుర్తుపట్టాను.

నాకు తొమ్మిదో ఏట వచ్చిన పళ్ళు ఇవి. ఆ ఏడే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. జోకు వింటే ముందు చెయ్యి ఖాళీగా ఉందా అని చూసుకోవాలి. చేతిలో సంచి ఉంటే నవ్వకూడదు. నీకు ఇది తెలియదు, నీ పళ్ళు నువ్వు అమ్మే సరుకులా ఉంటాయి. ఆ కంపెనీ అబద్ధాలు భరించలేక బయటికి వచ్చాను, ఆ ఫొటో మాత్రం సైటులోంచి తీయలేదు. అప్పుడప్పుడు వెళ్ళి చూసుకునేదాన్ని. దాన్ని ఎవరూ పెద్దది చేసి చూడకుండా కట్టుదిట్టం చేసింది కూడా నేనే.

ఇప్పుడు ఉయ్యాల చెక్క వచ్చి నాలుగూ ఊడగొట్టింది. ఎలాగూ కొత్తవి పెట్టాలి. ఎలాగూ పెట్టేటప్పుడు వంకరవే ఎందుకు పెట్టాలి? నువ్వు ఫొటో అడిగావు, ఇచ్చాను. దానికోసం యంత్రం ముందు బోసినోటితో నవ్వాను, ఆ మేనేజరు సోఫాలో కూర్చున్నాను. ఇంతా చేసి తెచ్చాక, ఇది నువ్వు కాదు అంటున్నావు. ఆ సైటు కూడా సరిగ్గా ఇదే మాట అంది నన్ను.

గీసి పంపను. ఎలా ఉండేవో చెప్పను. ఫొటోలో ఉన్నట్టు చెయ్యి.

మరదలు


పళ్ళ ల్యాబ్

టీచరుగారికి,

మీరు కోరిన విధంగా నాలుగు పళ్ళూ చేసి పంపుతున్నాను. ఇవి తీసి పెట్టుకునే ప్లేటు మీద ఉన్నాయి. అతికించేవి కావు. డాక్టరుగారితో మాట్లాడాను. వారం, పది రోజులు ఇవి పెట్టుకుని తిరగండి, తినండి, పాఠం చెప్పండి. బాగున్నాయంటే ఇదే కొలతకి శాశ్వతమైనవి చేస్తాను. అతికించాక మార్చడం కుదరదు.

నేను ఇంతకంటే అందమైన వరస ఎప్పుడూ చెయ్యలేదు. ఇది పొగడ్త కాదు, ఉన్న మాట. ల్యాబులో అందరూ వచ్చి చూశారు.

ఆ తొమ్మిదో ఏడు సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. చేతిలో ఫోను బల్ల మీద పెట్టేశారు. తర్వాత, "దాన్ని వెక్కిరించింది నేనేనా?" అని అడిగారు. నాకేం తెలుసు, అన్నాను. టిఫిను తినకుండా లేచి వెళ్ళారు.

నోరు నీది. ఇష్టం నీది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వదిన


బడి,
నా తరగతి గది

వదినా,

టీచరుగారూ అని ఇంకోసారి రాస్తే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపుతాను. అన్నయ్యకి చెప్పు, వెక్కిరించింది వాడు కాదు, పక్కింటి డాక్టరమ్మ కొడుకు. వాడికి ఇప్పుడు పళ్ళే లేవు.

ప్లేటు పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి నవ్వాను. చేతులు రెండూ కిందే ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. బడికి వెళ్తే హెడ్మాస్టారు "భేషుగ్గా ఉన్నాయమ్మా," అన్నారు. వంటామె దిష్టి తగులుతుందంది. సెలవైపోయి వచ్చిన మీసం మాస్టారు కూడా మెచ్చుకున్నాడు, ఏమన్నాడో కనబడలేదనుకో.

తరగతిలోకి వెళ్ళాను. ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. ఎనిమిది జతల కళ్ళు నా నోటి మీద. నేను పాఠం మొదలుపెట్టాను. వాళ్ళు కూర్చోలేదు.

కూర్చోండి అన్నాను. ముందు బల్ల వాళ్ళు కూర్చున్నారు. మళ్ళీ ఒక వాక్యం చెప్పాను. ఒకడు దగ్గరికి వచ్చి కింది నుంచి తల వంచి చూశాడు. ఇంకొకడు పక్కనుంచి. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, గాలి పోవడం లేదు, ఏ అక్షరమూ తప్పడం లేదు. నీ పనిలో లోపం లేదు వదినా. కానీ వాళ్ళకి అందడం లేదు. వాళ్ళు మూడేళ్ళుగా చూసిన నోట్లో ఒక పన్ను ముందుకు వచ్చి, కొన్ని అక్షరాలకి కింది పెదవిని ఒక మూల నొక్కేది. ఇప్పుడు అక్కడ ఏమీ నొక్కడం లేదు. పుస్తకం కొత్తది, అచ్చు శుభ్రంగా ఉంది, చదవడానికి అక్షరాలు లేవు.

నాకు విసుగొచ్చింది. ఏమిటర్రా, కొత్త పళ్ళు, అంతేకదా, నాలుగు రోజుల్లో అలవాటవుతాయి అన్నాను. వాళ్ళలో వాళ్ళు చేతులతో వాదించుకోవడం మొదలుపెట్టారు. అందులో ఒక గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తోంది. నేనెప్పుడూ చూడనిది. పై పెదవి ముందు రెండు వేళ్ళు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కించి.

మా పిల్లలు మనుషులందరికీ చేతితో పేర్లు పెట్టుకుంటారు. హెడ్మాస్టారంటే నెత్తి మీద అరచేత్తో ఒకసారి నిమరడం. మీసం మాస్టారంటే ముక్కు కింద నాలుగు వేళ్ళు వేలాడదీయడం. టీచర్ల పేర్లు టీచర్ల ముందు అనరు, అది వాళ్ళ మర్యాద. నా పేరేమిటో నాకు అందుకే తెలియదు. అడగలేదు కూడా.

కళ్ళజోడు పిల్ల ఒకతి ఉంది, తరగతిలో అందరికంటే మొండిది. అది వాళ్ళందరినీ ఆపి నా ముందుకొచ్చింది. రెండు వేళ్ళూ పెదవి ముందు పెట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి నన్ను చూపించింది. తర్వాత ఆ వేళ్ళని విడదీసి, పక్కపక్కన నిటారుగా పెట్టి, కాదన్నట్టు తల ఊపింది. అప్పుడు అడిగింది. "ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలి?"

తరగతిలో టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. అది మా పనిలో మొదటి నియమం, నేను చేరిన రోజునే చెప్పారు. ఇంట్లో, పెళ్ళిళ్ళలో, ఫొటోల్లో, నీ ముందు, అన్నిచోట్లా దాచాను. ఇక్కడ ఒక్కచోట కుదరలేదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ గమనించలేదు నేను.

కాబట్టి రాసుకో. పై వరస, ముందు పళ్ళు రెండింట్లో కుడి వైపుది. పక్కదాని కంటే కాస్త పొట్టి. కొంచెం తిరిగి, ఎడమ పన్ను మీదకి సగం ఎక్కి, అంచు ముందుకు వచ్చి ఉంటుంది. ఎంత ఎక్కేదో నాకు కచ్చితంగా తెలియదు. అద్దంలో దాన్ని చూడకుండా ఉండటమే నా అలవాటు. ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి నా పేరు పట్టుకోమన్నాను. ఫొటో తీశాను, పెద్దదే, ఈ ప్యాకెట్టులో ఉంది. ఏడుగురి వేళ్ళు ఒకే కోణంలో ఉన్నాయి. ఎనిమిదోవాడు దిక్కులు చూస్తున్నాడు, వాణ్ణి వదిలెయ్. వాళ్ళు ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు, కుడి ఎడమలు తారుమారు చేసుకో.

నువ్వు పంపిన వరస తిప్పి పంపుతున్నాను. నిన్న సాయంత్రం ఇంకోసారి పెట్టుకుని చూసుకున్నాను, అబద్ధమెందుకు. నిజంగానే చాలా అందంగా ఉన్నాయి. ప్యాకెట్టు అంటించేశాక కూడా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరుతో నువ్వే మాట్లాడు. ఇలా వంకరగా ఎందుకని ఆయన అడుగుతాడు. కొత్త విడతకి ఇంకెంతో లేదు. ఏమని పిలవాలో ఆ పిల్లకి రేపు చెబుతానన్నాను. రోజూ అడుగుతోంది.

నీ మరదలు